మూడో డ్రమ్ము

ఫోను మోగేటప్పటికి ఖుర్షిదా కూతురికి జడలు వేస్తోంది. అవతల అంకమ్మరావు.

"చేపలు తేలిపోతన్నయ్యమ్మా. ఒకటీ రెండూ కాదు. నువ్వు ఉన్నపళాన రా."

ఇంకేమీ అడగనివ్వకుండా పెట్టేశాడు. ఖుర్షిదా రెండో జడ సగంలో వదిలేసి, సైమాని పక్కింటి వాళ్ళకి అప్పజెప్పి, స్కూటీ బయటికి తీసింది.

వాళ్ళ ఇల్లు మార్టూరు శివార్లలో, గ్రానైటు పాలిష్ పట్టే షెడ్ల వెనకాల ఉంది. భర్త కలీం ఆ షెడ్లలోనే కటింగ్ మిషను మీద పని చేస్తాడు. ఖుర్షిదా పెళ్ళికి ముందు మైక్రోబయాలజీ చదివి, చేపల చెరువుల నీళ్ళు పరీక్ష చేసే ల్యాబులో మూడేళ్ళు ఉద్యోగం చేసింది. అక్కడ నేర్చుకున్న పనితోనే ఇప్పుడు ఇంటి వెనక రేకుల పంచ కింద నాలుగు నీలం డ్రమ్ములు పెట్టుకుంది. కాచి చల్లార్చిన నీళ్ళలో బెల్లం, తవుడు కలిపి, ల్యాబు నుంచి తెప్పించిన మంచి బ్యాక్టీరియాని తోడు వేసి, మూత బిగించి మూడు రోజులు పులియబెడుతుంది. ప్రోబయోటిక్ అంటే అదే. దాంట్లో పచ్చి అరటికాయ ఎండబెట్టి కొట్టిన పొడి కూడా కలుపుతుంది. చేప పేగులో చేరిన మంచి బ్యాక్టీరియాకి ఆ పొడి తిండి. చదువుకున్నవాళ్ళు దాన్ని ప్రిబయోటిక్ అంటారు. చుట్టుపక్కల ఏడు చెరువుల రైతులు మాత్రం ఈ పేర్లేవీ పెట్టుకోకుండా ‘ఖుర్షిదా గంజి’ అంటారు. తవుడూ వేరుశనగ చెక్కా కలిపిన మేతలో ఆ గంజి పట్టించి, నీడన ఆరబెట్టి, చిల్లుల సంచుల్లో నింపి చెరువులో కర్రలకి కడతారు. ఆ మేత మొదలుపెట్టాక చేపలకి పుళ్ళు పడటం తగ్గింది. అయిన దానికీ కాని దానికీ యాంటీబయోటిక్ పొయ్యటం తగ్గింది. ఏడుగురిలోనూ మొదట ఆమెను నమ్మింది అంకమ్మరావే.

రోడ్డుకి రెండు పక్కలా మిరప చేలు. కాయ ఎర్రబడే రోజులు. ఖుర్షిదా కళ్ళకి అవేమీ ఆనడం లేదు. ఆమె మనసంతా మూడో డ్రమ్ము మీదే ఉంది.

పన్నెండు రోజుల కిందట సైమాకి జ్వరం వచ్చింది. ఆసుపత్రికీ ఇంటికీ తిరిగే హడావిడిలో మూడో డ్రమ్ముకి నీళ్ళు కాచలేదు. బోరు నీళ్ళు పట్టి పట్టినట్టే పోసేసింది. మూడో రోజు మూత తీస్తే పుల్లటి కల్లు వాసన వచ్చింది కానీ, ఆ వాసన కింద ఇంకేదో మురిగిన వాసన. పైన బూడిదరంగు పొర. పొరని గరిటెతో తీసేసి, ఆ వాసన పక్కనున్న మురుక్కాలవదే అయివుంటుందని తనకి తానే చెప్పుకుని, క్యాన్లలో నింపి పంపించేసింది. ఆ క్యాన్లు వెళ్ళింది రెండు చెరువులకి. ఒకటి అంకమ్మరావుది, రెండోది పక్క ఊళ్ళో జక్రయ్యది. కలీంకి కూడా ఈ సంగతి చెప్పలేదు.

*

అంకమ్మరావు చెరువు మూడెకరాలు. ఒకప్పుడు పత్తి వేసిన చేనే. ఇప్పటికీ మూడు వైపులా ఆయన మిరప, పక్కవాళ్ళ మిరప. నాలుగో వైపు నుంచి సాగర్ కాలవ నీళ్ళు ఒక బోదె గుండా వచ్చి, తూము దగ్గర చెరువులోకి దిగుతాయి.

గట్టు మీద ఇరవై మంది దాకా ఉన్నారు. తూము ఉన్న మూల నుంచి చెరువు మధ్య దాకా తెల్లటి పొట్టలు తేలుతున్నాయి. కిలో తూగే శీలావతులు, అంతకంటే పెద్ద బొచ్చెలు. చావనివి నోళ్ళు తెరుచుకుని నీటి మీద పక్కకి వాలి, ఉన్నట్టుండి ఎగిరిపడుతున్నాయి. ఇంకో నెలన్నరలో వల వెయ్యాల్సిన చెరువు.

అంకమ్మరావు తువ్వాలు మెడకి బిగించి పట్టుకుని నిలబడ్డాడు. ఆయన బావమరిది కోటేష్ మాత్రం ఎదురొచ్చాడు. మార్టూరులో ఆక్వా మందుల షాపు అతనిది. కాళ్ళ దగ్గర అట్టపెట్టె ఉంది.

"చూశావా అమ్మా నీ గంజి చేసిన పని. మా బావకి నేను మొదట్నించీ చెప్తానే ఉన్నా. ఇంట్లో పులియబెట్టింది చేపలకి పెట్టొద్దని."

"కోటేష్ గారూ, ముందు బతికున్న వాటి సంగతి చూద్దాం" అంది ఖుర్షిదా. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "బాబాయ్ గారూ, ఏరేటర్లు రెండూ వేయించండి, నీళ్ళకి గాలి అందాలి. బోరు ఆన్ చేసి ఆ చివర నుంచి నీళ్ళు వదలండి. తూము మూసెయ్యమనండి."

"తూము ఎందుకు?"

"మూయించండి. చెప్తాను."

ఆయన ఇద్దరిని పంపాడు. ఖుర్షిదా కూడా చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపి తూము దగ్గరికి దిగింది. అంచున నాచు మీద చిన్న చిన్న రొయ్యలు ఎర్రగా వాడిపోయి పడున్నాయి. తోకకప్పలు తెల్లబడి తేలుతున్నాయి. నీటి మీద పరుగులు పెట్టే పురుగులు కూడా కాళ్ళు ముడుచుకుని చచ్చివున్నాయి. మేత చెడితే చేప చస్తుంది గానీ నీటి పురుగు చావదు. ల్యాబులో మొదటి వారం నేర్చుకున్న పాఠం అది.

ఇది గంజి కాదు, నీళ్ళలో ఏదో పడింది అనుకునేసరికి గుండెల మీది బరువు కొంచెం దిగింది. వెంటనే, చచ్చిన చేపల మధ్య నిలబడి ఊపిరి పీల్చుకున్నందుకు సిగ్గేసింది.

గట్టెక్కి, తేలిన శీలావతినొకదాన్ని తీసుకుని, ప్లాస్టిక్ కవరు మీద పెట్టి, బ్లేడుతో పొట్ట కోసింది. పేగు ఉబ్బి వుంది. లోపలి గోడ ఎర్రగా కమిలిపోయి, పసుపచ్చటి నీరు కారింది. ఇది ఒక్క రాత్రిలో వచ్చిన వాపు కాదు. వారం రోజుల నుంచి తిన్నదేదో ఆ పేగుని తినేస్తోంది. ఇంకొకటి కోసింది. అదీ అంతే. మూడోది కోస్తుండగా వెనక అడుగుల చప్పుడైంది. చూస్తే కోటేష్. ఖుర్షిదా అరచెయ్యి చేప పొట్ట మీద వేసి మూసేసింది.

"ఏం కనపడింది?"

"మొప్పలు చూస్తన్నా" అంది.

అతను కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు. ఆమె అరచేతి కింద పేగు జారుడుగా, మెత్తగా ఉంది. మూడు చేపల్నీ కవరులో చుట్టి గట్టు కింద పెట్టింది.

*

"ఇంక ఆగేది లేదు బావా" అన్నాడు కోటేష్, అట్టపెట్టె తెరుస్తూ. "నాలుగు ప్యాకెట్లు తెచ్చా. మేతలో కలిపి ఇప్పుడే వేద్దాం. మిగతాయన్నా నిలబడతయ్."

"అది యాంటీబయోటిక్ బాబాయ్ గారూ" అంది ఖుర్షిదా. "జబ్బయితే పనిచేస్తుంది. నీళ్ళలో విషం ఉంటే ఏం చెయ్యదు. పైగా అది వేశాక బతికిన చేపని కూడా చాలా రోజులు మార్కెట్టుకి పంపకూడదు."

"విషమా? ఎవరేశారు విషం?"

గట్టు మీద గొంతులు లేచాయి. తప్పు తన మీద పడకుండా మాట మారుస్తోందని ఒకరన్నారు. ఆడమనిషిని నమ్మి చెరువంతా చేతిలో పెట్టాడని ఇంకొకరన్నారు. అంకమ్మరావు చెయ్యెత్తితే ఆగారు.

"ఎట్టా తెలుస్తది విషమని?" అన్నాడాయన.

"మూడు టబ్బులివ్వండి. మీ మోటారు షెడ్డు వెనక కుంటలో చేపపిల్లలున్నయ్ గదా, అవి బోరు నీళ్ళలో పెరిగినయ్. ఒక టబ్బులో బోరు నీళ్ళు పోసి మీ దగ్గరున్న నా గంజి మేత వేస్తా. రెండోదాంట్లో తూము దగ్గర నీళ్ళు, మేత వెయ్యను. మూడోదాంట్లో బోరు నీళ్ళే, ఏమీ వెయ్యను. ఏ టబ్బులో పిల్లలు చస్తే అదే చంపినట్టు. మధ్యాహ్నం దాకా టైమివ్వండి."

"మధ్యాహ్నం దాకా చెరువులో ఏం మిగుల్తది?" అన్నాడు కోటేష్. "నేను మందులమ్ముకునేవాణ్ణే, కాదన్లా. కానీ ఇది మా అక్క కాపురం. ఊరికే చూస్తా కూర్చోమంటావా?"

ఆ మాటలో అబద్ధం లేదు. ఖుర్షిదా అతని కళ్ళలోకి చూడలేకపోయింది.

అంకమ్మరావు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఒంటిగంట దాకా. ఆ తర్వాత కోటేష్ చెప్పినట్టే."

టబ్బులు ఇంట్లోంచి అంకమ్మరావు భార్య వెంకటరావమ్మ మోసుకొచ్చింది. పొద్దున్నుంచీ ఆమె గట్టు మీదికి రాలేదు. ఇప్పుడూ ఎవరితోనూ మాట్లాడకుండా టబ్బులు దించి, వేపచెట్టు కింద కూలబడింది.

ఖుర్షిదా ఒక్కో టబ్బులో పదేసి పిల్లల్ని వదిలింది. బొటనవేలంత ఉన్నాయి. గాలి అందడానికి చెంబుతో నీళ్ళు ముంచి ఎత్తు నుంచి పోస్తూ, మూడింటి మధ్యా మోకాళ్ళ మీద తిరుగుతోంది. అందరూ చుట్టూ మూగారు. ఎండ నడినెత్తికి వస్తోంది. చెరువులో ఏరేటర్లు దడదడలాడుతున్నాయి. మధ్యమధ్య ఒక పెద్ద చేప ఎగిరిపడి చప్పుడు చేసినప్పుడల్లా అంకమ్మరావు అటు తిరిగి చూస్తున్నాడు.

పావుగంట గడిచింది. ఏమీ జరగలేదు. ఎవరో గొంతు సవరించుకున్నారు.

ఇరవై నిమిషాలకి రెండో టబ్బులో ఒక పిల్ల అడ్డంగా తిరిగింది. గింగిరాలు కొడుతూ టబ్బు గోడకి గుద్దుకుంది. దాని వెనక ఇంకొకటి. అరగంటకల్లా పదింట్లో ఏడు వెల్లకిలా పడ్డాయి. పక్క రెండు టబ్బుల్లోనూ పిల్లలు ఈదుతూనే ఉన్నాయి.

"నీళ్ళేరా" అన్నాడు ఒక ముసలి రైతు మెల్లిగా. "బోదెలో నీళ్ళే. ఎవడో పురుగుమందు ట్యాంకు కడిగాడు."

అంతే, చూపులన్నీ టబ్బుల మీంచి లేచి ఒకరి మీద ఒకరికి తిరిగాయి. నల్లతామర పురుగు పడి వారం రోజులుగా ప్రతివాడూ మిరపకి మందు కొడుతూనే ఉన్నాడు. నీ చేనే పైనుందంటే నీ చేనే పైనుందని ఇద్దరు కలబడేదాకా వెళ్ళారు. కోటేష్ అట్టపెట్టె మూసి పక్కకి జరిపాడు. "ఏమనుకోబాకమ్మా" అన్నాడు నేల చూస్తూ. ఎవరో ఆమెకి మజ్జిగ గ్లాసు తెచ్చిచ్చారు.

ఖుర్షిదా గ్లాసు పట్టుకునే మొదటి టబ్బు వైపు చూసింది. ఇప్పుడు దాన్ని ఎవరూ చూడటం లేదు. పిల్లలు బతికే ఉన్నాయి. కానీ ఒక పిల్ల మేత పలుకు నోట కరుచుకుని, వెంటనే ఉమ్మేసింది. ఇంకొకటి దగ్గరికొచ్చి వాసన తగిలినట్టు వెనక్కి తిరిగింది. అరగంట నుంచీ వేసిన మేత వేసినట్టే అడుగున పడుంది. ఎప్పుడూ ఆ మేతకి ఎగబడే పిల్లలే అవి.

ఇక్కడితో లేచి వెళ్ళిపోవచ్చు. ఆ మూడు చేపలు కవరులో ఉన్నాయి, మట్టిలో కప్పేస్తే సరి. తన పేరు మీది మచ్చ తుడుచుకుపోయింది, మజ్జిగ కూడా ఇచ్చారు. అలా అనుకుంటుండగానే జక్రయ్య చెరువు గుర్తొచ్చింది. ఈపాటికి అక్కడ సంచులు కట్టేసి ఉంటారు. అవే క్యాన్లు, అదే మూడో డ్రమ్ము. ఆయన చేపలు పొద్దుటి నుంచీ ఆ మేతే తింటున్నాయి.

గ్లాసు కింద పెట్టింది. గట్టు కిందికి వెళ్ళి కవరు తెచ్చి, అంకమ్మరావు ముందు విప్పింది.

"బాబాయ్ గారూ, చేపల్ని చంపింది నీళ్ళే. కానీ నా తప్పు కూడా ఉంది. ఈ పేగులు చూడండి. వారం నుంచి వాచినయ్. మీకు పోయినవారం పంపిన గంజి చెడిపోయింది. నీళ్ళు కాచకుండా పోశాను. వాసన తేడాగా వచ్చినా పంపించేశాను. ఈ చేపలు గట్టిగా ఉంటే కొన్నన్నా తట్టుకునేవేమో. తట్టుకునేవని చెప్పలేను, తట్టుకునేవి కాదనీ చెప్పలేను."

కలబడుతున్న ఇద్దరూ కూడా ఆగిపోయారు.

"పొద్దున్నుంచీ తెలుసా నీకు?" అన్నాడు అంకమ్మరావు.

"అనుమానం ఉంది. చేప కోసినప్పుడు తెలిసింది."

"కోటేష్ అడిగితే మొప్పలన్నావంట."

"అవును. అబద్ధం చెప్పాను."

ఆయన మొహం నల్లబడింది. "ఏడుగురిలో ముందు నేను నమ్మానమ్మా నిన్ను. ఈళ్ళందరూ నవ్వితే కూడా" అన్నాడు. ఆ గొంతులో కోపం కంటే వేరేదేదో ఉంది. గుంపులోంచి మాటలు రాళ్ళలా వచ్చి పడ్డాయి. పంచాయితీ పెట్టాలన్నారు. డ్రమ్ములు పగలగొట్టాలన్నారు. కోటేష్ ఒక్కడే వంగి ఆ పేగులు చూస్తున్నాడు. ఖుర్షిదా తల వంచుకోలేదు. ఫోను తీసి అక్కడే, అందరి ముందే జక్రయ్యకి చేసింది.

"జక్రయ్య గారూ, సంచులు దించెయ్యండి. ఇప్పుడే. నేను పంపిన గంజి చెడిపోయింది... అవునండి, నాదే తప్పు... తర్వాత తిట్టండి, ముందు సంచులు దించండి."

ఫోను పెట్టేసరికి వేపచెట్టు కింద నుంచి వెంకటరావమ్మ లేచింది.

"ఆ పిల్లని ఇంక ఏవీ అనబాకండి" అంది.

ఆమె మెల్లిగా నడుచుకుంటూ మొగుడి ఎదుటికొచ్చి ఆగింది. "ఎవరి చేనని కొట్టుకుంటన్నారు మీరు? మన చేనే. నిన్న సాయంత్రం మన మిరపకి మందు కొట్టారు గదా. డ్రమ్ములో కలిపిన మందు మిగిలింది. ఇంటి దగ్గర పారబోస్తే గొడ్లు మూతి పెడతయ్యని, బోదెలో పొయ్యమని కూలోళ్ళకి నేనే చెప్పా. తూము తీసుందని గుర్తు లేదు నాకు. పొద్దున చేపల్ని చూసినప్పుడే తెలిసింది. నోరు రాలా."

అంకమ్మరావు భార్య వైపు చాలాసేపు చూశాడు. ఆయన చెయ్యి లేస్తుందేమోనని ఖుర్షిదా ఒక అడుగు ముందుకేసింది. చెయ్యి లేవలేదు. ఆయన మెడలోంచి తువ్వాలు తీసి మొహం తుడుచుకుని, అలాగే తువ్వాలులో మొహం పెట్టుకుని ఉండిపోయాడు.

"ఇప్పుడేం చెయ్యాలి?" అన్నాడు తలెత్తకుండానే. ఎవర్ని అడిగాడో తెలియలేదు.

"తూము వైపు నీళ్ళు మోటారు పెట్టి బయటికి తోడాలి. మళ్ళీ బోదెలోకి కాదు, అవతలున్న బీడులోకి" అంది ఖుర్షిదా. "లోతు వైపు చేపలు ఇంకా బానే ఉన్నయ్. అటు ఇటు కలవకుండా మధ్యలో వల కట్టాలి."

"మోటారు నేను తెస్తా" అన్నాడు కోటేష్.

*

సాయంత్రం దాకా పనిచేశారు. మధ్యలో ట్రేలు వేసుకుని ఒక ఆటో వచ్చి ఆగింది. చచ్చిన చేపలు తీసుకుపోతామన్నారు. సంతలో తెగిపోతాయట. ఖుర్షిదా అడ్డం నిలబడింది. "మందు తిన్న చేపని మనుషులకి పెడతారా?" అంటే, నువ్వెవరని వాళ్ళు గొంతు పెంచారు. అంకమ్మరావు వచ్చి పక్కన నిలబడ్డాక ఆటో వెనక్కి తిరిగింది. గట్టు అవతల గొయ్యి తవ్వించి, సున్నం చల్లి అన్నింటినీ పూడ్చారు. చెరువులో మూడో వంతు పోయింది. మిగిలింది నిలబడింది.

జక్రయ్య చేపలు చావలేదు. వారం పాటు మేత ముట్టకుండా చిక్కిపోయాయి. ఖుర్షిదా రోజూ వెళ్ళి ఆయన తిట్లు తింటూనే నీళ్ళు చూసొచ్చేది. ఆయన ఆమె దగ్గర గంజి మానేశాడు. ఇంకో ఇద్దరు కూడా మానేశారు. అంకమ్మరావు మానేశాడో లేదో తెలియలేదు. ఫోను చేసి చేపల సంగతి చెప్పేవాడు గానీ గంజి ఊసెత్తేవాడు కాదు. కలీం ఇదంతా విని, "నాకు ముందే చెప్పొచ్చుగా, నీళ్ళు నేను కాచేవాణ్ణి" అన్నాడు. రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు.

పదో రోజు పొద్దున్నే ఇంటి ముందు ఆటో ఆగింది. వెంకటరావమ్మ ఒక్కతే దిగింది. చేతిలో చిక్కుడుకాయల సంచి. లోపలికి రమ్మంటే వచ్చి, మంచినీళ్ళు తాగి, నేరుగా వెనక పంచలోకి నడిచింది.

"ఎట్టా చేస్తావో చూపించు" అంది డ్రమ్ముల్ని చూస్తూ.

ఖుర్షిదాకి మిగిలిన నాలుగు చెరువుల బేరమూ ఈ విద్య మీదే నిలబడి ఉంది. "మీరే చేసుకుంటారా పిన్నీ?" అంది.

"నేనెక్కడ చేస్తా. మిరపకాయ కోతకే మనుషుల్లేరు" అంది వెంకటరావమ్మ. "నీకు ఇంట్లో పిల్లకి జ్వరమో, ఇంకోటో వచ్చిందనుకో. ఇయ్యాల కుదర్లా, నువ్వొచ్చి చూడు పిన్నీ అనటానికి ఒక మనిషి ఉండొద్దా? నాకూ అట్టాంటి మనిషి ఉంటే ఆ రోజు కూలోళ్ళకి ఆ మాట చెప్పకపోదునేమో."

ఖుర్షిదా పెద్ద తపేలా తెచ్చి పొయ్యి మీద పెట్టింది.

"నీళ్ళు తెర్లే దాకా కదలకూడదు పిన్నీ. అరగంట పడుద్ది."

"పట్టనీ" అంది వెంకటరావమ్మ, పీట లాక్కుని కూర్చుంటూ. "మా ఆయన గంజి మళ్ళీ పంపమన్నాడా అని అడగవే?"

"అన్నారా?"

"అన్లా. మేత సంచులు మాత్రం ఉతికి ఆరేశాడు."